రాత్రికి రాత్రే నిద్ర తెచ్చేది పెన్నేరు గడ్డ కాదు

అనంతపురం, కర్నూలు జిల్లాల మెట్ట భూములలో వేరుశనగకు అదను తప్పిన ఏట కొందరు రైతులు పెన్నేరు చల్లుతారు. ఎకరాకు నాలుగైదు కిలోల విత్తనం చాలు. నాలుగు వానలు పడితే మొలుస్తుంది, పెద్దగా ఎరువు అడగదు, పశువులు కూడా అంతగా ముట్టవు. ఐదారు నెలలకు ఆకులు ఎండి, గింజకాయలు ఎర్రబడగానే మొక్కను వేళ్ళతో సహా పెరికి, కాడ నరికి, గడ్డను ఆరబెడతారు. బాగా పండితే ఎకరాకు ఒకటిన్నర నుండి రెండు క్వింటాళ్ళ ఎండు గడ్డ దిగుతుంది. లావుగా వుండి, విరిస్తే పటుక్కున విరిగి, లోపల తెల్లగా కనిపించేది మొదటి రకం. సన్నవి, కొసలు, పీచు పట్టినవి తరువాతి రకాలు.

ఈ గడ్డకు దేశంలో పేరు మోసిన మార్కెట్టు మధ్యప్రదేశ్‌లోని నీమచ్. మూటలు అక్కడిదాకా పోతాయి. అక్కడి నుండి మందుల కంపెనీల చేతులు మారి, రంగు డబ్బాలలో అశ్వగంధ అన్న పేరుతో మళ్ళీ మన పట్టణాల అంగళ్ళకు వస్తాయి. తన చేలో పెరికిన గడ్డనే రైతు పదింతల ధర పెట్టి కొనుక్కుంటున్నాడా అన్నది వేరే చర్చ. ప్రస్తుతం చెప్పుకోవలసింది నిద్ర గురించి.

పెన్నేరు గడ్డ నిద్ర తెస్తుందన్న మాట కొత్తది కాదు. ఈ మొక్కకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులో రెండవ మాట సోమ్నిఫెరా. నిద్ర తెచ్చేది అని దాని అర్థం. పచ్చి వేరు గుర్రపు వాసన వేస్తుంది కనుక సంస్కృతంలో అశ్వగంధ అయింది. వంగ, మిరప, టమాటాలది ఏ కుటుంబమో దీనిదీ అదే కుటుంబం. ఉమ్మెత్త కూడా అందులోదే. ఆ సంగతి గుర్తుంచుకోవడం మంచిది, ఎందుకంటే ఒకే కుటుంబంలో కూర వండుకునేదీ వుంటుంది, పిచ్చెత్తించేదీ వుంటుంది.

నిద్ర పట్టని ఊళ్ళు

పొద్దంతా ఒళ్ళు వంచి పని చేసేవాడికి నిద్ర పట్టకపోవడమేమిటని పట్నం వాళ్ళు అనుకుంటారు. పల్లెలలో వున్నవారికి ఆ సంగతి తెలుసు. రాత్రిపూట మోటార్లకు కరెంటు ఇచ్చిన రోజులలో రైతులు అర్ధరాత్రి లేచి బావి దగ్గరకు పోయారు. ఏళ్ళ తరబడి అలా లేచిన ఒంటికి పగటి కరెంటు వచ్చినా ఆ వేళకే మెలకువ వస్తుంది. చేను ఊడే వేళకు అడవిపందుల కావలి వుండనే వున్నది. బోరు వేసి నీళ్ళు పడనివాడికి, ఆడపిల్ల పెళ్ళికి తెచ్చిన అప్పు వడ్డీ పెరుగుతున్నవాడికి కావలి లేకపోయినా కన్ను మూత పడదు. కోడలు కాన్పుకు పోయి, కొడుకు బెంగుళూరుకు పోయి, ఇంట్లో ఒంటిగా మిగిలిన జేజికి తెల్లవారుజామున మూడు గంటలకే తెల్లారుతుంది.

వారంలో మూడు రాత్రులు, అలా మూడు నెలలపాటు నిద్ర చెడితే దానిని జబ్బు కిందనే లెక్క కట్టాలని వైద్యులు చెబుతారు. ఊళ్ళలో ఎవరూ దీని కోసం ఆసుపత్రికి పోరు. కాలు విరిగితే పోతారు, జ్వరం వస్తే పోతారు. నిద్ర రాకపోతే పక్కింటివారిని అడుగుతారు. పక్కింటివారు ఒక ఆకో, ఒక వేరో చెబుతారు. లేకపోతే సంతలో దొరికే పొడి గురించి చెబుతారు. ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే.

వేరు చేసే మేలు ఎంత?

పాతకాలపు వైద్యగ్రంథం చరకసంహిత ఆహారంతోపాటు నిద్రను కూడా శరీరాన్ని నిలబెట్టే స్తంభాలలో ఒకటిగా చెప్పింది. నిద్ర పట్టించే ఆహారాలలో బర్రెపాలకు అగ్రస్థానం ఇచ్చింది కూడా ఆ గ్రంథమే. బర్రె వున్న ఇంట్లో రాత్రి ఒక గ్లాసు వేడి పాలు తాగడం ఇప్పటికీ ఆచారంగా వున్నది. పెన్నేరు పొడిని పాలలో వేసి కాచి తాగడం ఆయుర్వేదంలో పాత పద్ధతి. ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథం ప్రకారం వేరు పొడి మోతాదు రోజుకు 3 నుండి 6 గ్రాములు, అంటే ఒకటి రెండు చిన్న చెంచాలు.

ఈ మధ్య కాలంలో దీనిని శాస్త్రీయంగా కూడా పరీక్షించారు. కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని ఉత్తుత్తి గొట్టం ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చిందీ వారికి తెలియనీయకుండా ఫలితం చూడడం ఈ పరీక్షల పద్ధతి. అలాంటివి ఐదు పరీక్షలు, మొత్తం 400 మందివి, ఒక్కచోట చేర్చి లెక్క కట్టి 2021లో ప్రకటించారు. మేలు వున్నదని తేలింది. అయితే అది కొద్దిపాటి మేలేనని కూడా తేలింది. నిద్ర జబ్బు నిజంగా వున్నవారిలో, రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం తీసుకున్నవారిలో, కనీసం 8 వారాలు వాడినవారిలో గుణం కొంత ఎక్కువగా కనిపించింది. సారం అంటే పొడి కాదు. వేరును మరిగించి చిక్కబరచినది. అందువల్ల 600 మిల్లీగ్రాముల సారానికీ చెంచా పొడికీ పోలిక పెట్టుకోరాదు.

రైతులు పట్టించుకోవలసిన మాట ఆ 8 వారాలు. పెన్నేరు గడ్డ పనిచేసినా మెల్లగా పనిచేస్తుంది. మనసులో ఆరాటం తగ్గి, ఆ మీదట నిద్ర కుదురుకుంటుంది. పెసర గింజ వేస్తే మూడో రోజుకు మొలక చూపిస్తుంది గాని, మామిడి టెంక వేసి మూడో రోజున తవ్వి చూసేవాడిని ఊళ్ళో నవ్వుతారు.

సంతలో పొడి

ఇప్పుడు సంత సంగతి. సంతలలో, జాతరలలో, బస్టాండ్ల దగ్గర గుడ్డ పరచుకుని కూర్చుని, సీసాలలో వేళ్ళు, బెరళ్ళు పేర్చి, పొట్లాలలో పొడి అమ్మేవారు ఎప్పటి నుండో వున్నారు. వారందరూ మోసగాళ్ళని చెప్పడం న్యాయం కాదు. తరతరాలుగా మూలికలు తెలిసినవారూ వారిలో వున్నారు. అయితే పేరు, ఊరు, లైసెన్సు నంబరు ఏమీ లేని పొట్లంలో ఏమి కలిసివున్నదీ కొన్నవాడికి తెలిసే దారి లేదు. మూలికా మందులని చెప్పి అమ్మిన పొడులలో నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, స్టిరాయిడ్లు దొరకడం మన దేశంలో మళ్ళీ మళ్ళీ జరుగుతున్న పని.

గుర్తు పట్టడానికి ఒక ఆనవాలు వున్నది. పొడి మింగిన మొదటి రాత్రే, అరగంటకే, కొట్టినట్టు నిద్ర ముంచుకొచ్చి, మరునాడు పొద్దెక్కేదాకా తల దిమ్ముగా, నాలుక మందంగా, కాళ్ళు తడబడుతూ వుంటే అందులో వున్నది పెన్నేరు గడ్డ అని నమ్మరాదు. డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ వంటి మాత్రల గుణం అది. ఈ మాత్రలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని చట్టం. దుకాణదారు వాటిని రిజిస్టరులో కూడా రాయాలి. మరి పొట్లంలో కలిపినవాడు ఏ రిజిస్టరులో రాశాడు?

దీని చెడుగు మొదటి నెలలో తెలియదు. పైగా పొడి భలే పనిచేసిందని నలుగురికి చెబుతారు. రెండు మూడు నెలలకు చెంచా చాలక రెండు చెంచాలవుతుంది. ముసలివారు రాత్రి ఒంటికి లేచి తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. సారాయో, కల్లో తాగినవాడు అదే రాత్రి ఈ పొడి మింగితే ఊపిరి మందగించి ప్రాణం మీదకు రావచ్చు.

మానేసిన రోజున వచ్చే కష్టం ఇంకా పెద్దది. దీనికి పక్క రాష్ట్రం తెలంగాణలో జరిగిన సంగతి చూస్తే చాలు. అక్కడ నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు చెట్టు కల్లు చాలని చోట్ల కల్తీ కల్లు అమ్మకం చాలాకాలంగా వున్నది. అందులో కలిపేది క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్. 2015లో ప్రభుత్వం కల్తీ మీద గట్టిగా పట్టు బిగించగానే ఆ కల్లుకు అలవాటు పడినవారు నిద్ర లేక, చేతులు వణుకుతూ, ఏదేదో మాట్లాడుతూ, మూర్ఛలతో ఆసుపత్రులకు వరుస కట్టారు. వారిలో ఎక్కువమంది కూలి జనం. తాము తాగుతున్నది కల్లేనని అనుకున్నవారు. పొట్లం పొడికి అలవాటు పడినవారికీ జరిగేది ఇదే.

అందువల్ల ఇది చదివి ఎవరూ తమ ఇంట్లో నెలల తరబడి వాడుతున్న పొడిని ఇవాళే పెంటకుప్ప మీద పారేయవద్దు. ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. మిగిలిన పొట్లాన్ని తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, ఎంతకాలంగా, ఎంత మోతాదు వాడుతున్నదీ దాచకుండా చెప్పాలి. డాక్టరు దానికి సమానమైన మందు ఇచ్చి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు.

వేరు కదా, ఏం చేస్తుందిలే

ఆకు, వేరు అంటే ఒంటికి హాని చేయవన్న నమ్మకం మనలో లోతుగా వున్నది. దానికి జవాబు పాతాళగంధి. సర్పగంధ అన్నా ఇదే. ఉత్తరాదిన దీని వేరును పిచ్చి మందుగా వాడేవారు. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఉన్మాదానికీ రక్తపు పోటుకూ ఇది పనిచేస్తున్నదని రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటు మీద దీని గుణాన్ని ఇంగ్లండు వైద్యపత్రికలో ప్రకటించగా ప్రపంచం కన్ను దీని మీద పడింది. 1952లో స్విట్జర్లాండు కంపెనీ సీబా శాస్త్రజ్ఞులు ఈ వేరు నుండి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. మన పల్లె వేరు ఇంగ్లీషు మందు అయింది. కాని వాడగా వాడగా కొందరిలో మనసు కుంగిపోవడం, రక్తపు పోటు మరీ పడిపోవడం బయటపడింది. దిగులుతో నిద్ర పట్టనివాడికి పాతాళగంధి ఇస్తే ఆ దిగులే పెరగవచ్చు. పనిచేసే వేరు ఏదైనా సరే, తప్పుగా కూడా పనిచేయగలదు.

పెన్నేరుకూ ఆ లెక్క వర్తిస్తుంది. ఎక్కువమందికి పడుతుంది. కొందరికి కడుపులో వికారం, విరేచనాలు కలుగుతాయి. అరుదుగా కొందరికి వాడిన కొన్ని వారాలకు కళ్ళు పచ్చబడి, దురదలు పుట్టి, కామెర్లు వచ్చినట్లు వైద్యపత్రికలలో 2020 నుండి నివేదికలు వస్తున్నాయి. 2023లో మన దేశపు రోగుల మీదనే అలాంటి నివేదిక అచ్చయింది. అంతకుముందే సారాయి వల్లనో, మరో కారణం వల్లనో కాలేయం చెడిపోయి వున్నవారికి ఇది ప్రాణాంతకమైనట్లు అందులో వున్నది. కనుక తాగుడు వున్నవారు, ఒకసారి కామెర్లు వచ్చి తగ్గినవారు దీని జోలికి పోరాదు. మూత్రం పసుపు ముదురు రంగులోకి మారితే ఆ పూటే మానేసి డాక్టరు వద్దకు పోవాలి.

చూలాలు, బాలింతలు అసలే వాడరాదు. థైరాయిడ్ మాత్రలు, షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, ఫిట్స్ మాత్రలు వేసుకుంటున్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టరాదు. ఈ వేరు షుగరును, బీపీని తనంతట తాను కొంత తగ్గిస్తుంది. మాత్రకు తోడు ఇదీ చేరితే కళ్ళు తిరిగి పడవచ్చు.

ఆకు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2017లో జపాన్ శాస్త్రజ్ఞులు పెన్నేరు ఆకులోని ఒక పదార్థం ఎలుకలకు నిద్ర తెప్పిస్తున్నదని కనుగొన్నారు. ఆకులోనే వున్నది కదా అని ఆకు నూరి తాగే ఆలోచన ఎవరికైనా రావచ్చు. మనుషులకు అది మంచిదని తేలలేదు. కేంద్ర ఆయుష్ శాఖ 2021లో మందుల తయారీదార్లకు ఆకు వాడవద్దని, వేరు మాత్రమే వాడమని సలహా జారీ చేసింది. వేరు ఖరీదు, ఆకు చవక. పొడిలో ఆకు కలిపితే లాభం ఎవరికో చెప్పనక్కరలేదు. సెగ్గడ్డలకు ఆకు వెచ్చచేసి కట్టడం మన ఊళ్ళలో వున్నదే, అది పైపూత వ్యవహారం.

వంటింట్లో వున్నవి

గసగసాలు నూరి పాలలో కాచి తాగడం పెద్దల అలవాటు. గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క నుండే అయినా, శుభ్రం చేసిన గింజలో మత్తు చాలా తక్కువ. చెంచాడు గింజలతో వచ్చే హాని లేదు, బ్రహ్మాండమైన మేలూ లేదు. వేడి పాల గుణం కూడా అందులో కలిసివుంటుంది.

జాజికాయ విషయంలో మాత్రం చెయ్యి అదుపులో వుండాలి. పాలలో చిటికెడు అరగదీసి వేస్తే ఫరవాలేదు. సుమారు 5 గ్రాములు లోపలకు పోతే గుండె దడ, వాంతులు, లేనిది వున్నట్లు కనిపించడం జరుగుతుంది. ఒక్క కాయ బరువే దాదాపు అంత. రాత్రి ఏడ్చే పసిబిడ్డకు జాజికాయ అరగదీసి నాకించడం, వస కొమ్ము రాయడం కొన్ని ఇళ్ళలో ఇంకా పోలేదు. బిడ్డ ఏడుపుకు కారణం ఆకలా, చెవిపోటా, కడుపునొప్పా అని చూడాలే తప్ప మత్తు పెట్టి పడుకోబెట్టరాదు.

అరికాళ్ళకు ఆముదమో, నువ్వుల నూనెనో రాసి రుద్దడం, వావిలాకు దిండు కింద పెట్టుకోవడం వంటివి ఖర్చు లేని పనులు. నూనె రుద్దించుకున్న ముసలాయనకు నిద్ర పట్టిందంటే అందులో సగం గుణం నూనెది, సగం గుణం మనుమరాలి చేతిది కావచ్చు. జటామాంసి, తగర అనేవి హిమాలయాలలో పెరిగే వేళ్ళు. ఇక్కడి సంతలలో వాటి పేరుతో దొరికేది ఆ సరుకేనని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ముందు కారణం

నిద్ర పట్టకపోవడం అనేక జబ్బులకు పైకి కనిపించే గుర్తు. రాత్రి నాలుగుసార్లు ఒంటికి లేస్తుంటే షుగరు పరీక్ష చేయించాలి. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేచేవారికి నిద్ర తెచ్చే పొడులు ఎంతమాత్రం పనికిరావు. వారికి శ్వాస అడ్డుపడే జబ్బు వుండవచ్చు, మత్తు దానిని పెంచుతుంది. ఆయాసం, రాత్రి దగ్గు, కీళ్ళ నొప్పి, థైరాయిడ్, ఇవన్నీ చూసుకున్న మీదటే వేరు సంగతి.

టీ హోటలు కూడా ఒక కారణమే. తాగిన టీ, కాఫీలలోని కెఫీన్‌లో సగం ఒంటి నుండి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన టీ పదకొండు గంటలకు ఇంకా సగం పని చేస్తూనే వుంటుంది. ఇప్పుడు దానికి తోడు సెల్ ఫోన్ చేరింది.

దీర్ఘకాలపు నిద్రలేమికి మందు కంటే ముందు అలవాట్ల చికిత్స చేయాలని 2016లో అమెరికా వైద్యుల సంఘం తన మార్గదర్శకాలలో చెప్పింది. ఎప్పుడు పడుకున్నా సరే రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కడం, ఇరవై నిమిషాలైనా కన్ను మూతపడకపోతే లేచి అరుగు మీద కూర్చుని మళ్ళీ కునుకు వచ్చినప్పుడే పడుకోవడం, మధ్యాహ్నం గంటల కొద్దీ పడుకోకపోవడం అందులో ముఖ్యమైనవి. మంచం మీద దొర్లుతూ అప్పులు లెక్కపెట్టుకునేవాడికి కొన్నాళ్ళకు ఆ మంచం చూస్తేనే మెలకువ వస్తుందన్నది ఈ చికిత్సకు పునాది. రోజు కూలికి పోయేవారికి కూడా ఇవి పైసా ఖర్చు లేకుండా చేతనయ్యేవే.

తెల్లవారుజామున మెలకువ వచ్చి, దేని మీదా ఆశ లేక, బతికి ఏం లాభమన్న ఆలోచన వస్తున్నవారు పొడుల కోసం తిరగరాదు. అది మనసు జబ్బు, నయమయ్యే జబ్బు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ ఫోను 14416కు డబ్బు ఖర్చు లేకుండా ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో అలాంటివారు వుంటే పురుగుమందు డబ్బాకు తాళం వేయడం ఇంటివారి బాధ్యత.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

ఇవన్నీ చూసుకుని, వైద్యుడిని అడిగి, పెన్నేరు వాడదలచుకున్నవారు పొడికంటే గడ్డ కొనడం మేలు. పెన్నేరు పండించిన ఊరిలోనైతే రైతు దగ్గరే దొరుకుతుంది. విరిస్తే పీచు సాగకుండా తెగాలి, లోపల తెల్లగా పిండిలా వుండాలి, నాలుకకు చేదు తగలాలి. దంచితే వచ్చే పొడి రంగు మురికి తెలుపు. పచ్చ ఛాయ కనిపిస్తే అందులో ఆకు కలిసినట్లే. డబ్బా కొనేవారు ఆయుర్వేద మందు అన్న మాట, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారైన తేదీ, ఏ భాగం వాడినదీ చూసి తీసుకోవాలి. ఇవి లేని పొట్లం అమ్ముతున్నవారిపై జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. మిగిలిన పొట్లాన్ని కూడా పరీక్షకు అప్పగించవచ్చు.

గడ్డ పెరికే రోజులలో రైతులు మొదటి రకమంతా వ్యాపారికి తూచి ఇచ్చి, ఇంటికి కొసలు మిగుల్చుకుంటారు. ఇంట్లో నిద్ర పట్టని పెద్దవారుంటే మంచి గడ్డలే ఒక కిలో పక్కన పెట్టుకోవచ్చు. బాగా ఎండనిచ్చి, తేమ తగలని డబ్బాలో గడ్డగానే వుంచి, పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే దంచుకోవాలి. బూజు పట్టినవి, పురుగు తొలిచినవి పారేయాలి.